అరవై అడుగుల ఇత్తడి ఇంజను

ముత్తేరు పురపాలక సంఘానికి ఆ ఏడు వాహనాల మీద ప్రేమ పుట్టింది. అంతకు ముందేడు చెట్ల మీద పుట్టింది. దానికి ముందేడు చేతులు కడుక్కోవడం మీద. చెట్లన్నిటికీ నంబర్లేశారు, చేతులు కడుక్కున్నవాళ్ళందరి దగ్గరా సంతకాలు తీసుకున్నారు. ఈసారి పండగ పేరు ‘సంపూర్ణ వాహన నమోదు పక్షోత్సవం’. ఊళ్ళో చక్రమున్న ప్రతిదానికీ నంబరుండాలి, నంబరున్న ప్రతిదానికీ ఫైలుండాలి అని కమిషనరుగారు మైకు పట్టుకుని మరీ చెప్పారు.

పధ్నాలుగో వార్డుకి టార్గెట్ నాలుగొందల పన్నెండు వాహనాలు. ఆ లెక్క ఎక్కణ్ణించి వచ్చిందంటే, పోయినేడు చెట్ల టార్గెట్ అదే. వార్డు ఆఫీసరు ప్రసూన పాపం కాళ్ళరిగేలా తిరిగింది. స్కూటర్లయ్యాయి, ఆటోలయ్యాయి, ఇస్త్రీబండీ ఇడ్లీబండీ అయ్యాయి, చంటిపిల్లల మూడుచక్రాల సైకిళ్ళు కూడా అయ్యాయి. నాలుగొందల పదకొండు దగ్గర లెక్క మొరాయించింది. ఆ ఒక్కటీ దొరక్కపోతే వార్డు పేరు ఎర్రసిరాతో బోర్డెక్కుతుంది, దాని కింద ప్రసూన పేరు ఎక్కుతుంది.

ఆఖరి రోజున, అదీ సోమవారం సాయంత్రం, ఆ అమ్మాయి కోటిలింగం ఇంటి తలుపు తట్టింది.

కోటిలింగం లోకోషెడ్డులో ముప్పైనాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఏడాదిన్నరగా ఆయన ముందుగది దాటి బయటికొచ్చింది తక్కువ. కలకత్తా నుంచి ఒక పెట్టె తెప్పించుకున్నాడు. అందులో పల్చటి ఇత్తడి రేకులు, వాటి మీద చెక్కిన మూడొందల పన్నెండు ముక్కలు, ఒక చిన్న మోటారు, అర్థమయ్యీ కానట్టుండే బొమ్మల కాగితం ఒకటి ఉన్నాయి. ఒక్కో ముక్కనీ రేకులోంచి కత్తిరించి, ఆకురాయితో అంచులు రుద్ది, వంచి, టంకం పెట్టి అతకాలి. అలా అతుక్కుంటూ పోతే ఆఖరికి ఆవిరి ఇంజను తయారవుతుంది. బాయిలరు రేకు గుండ్రంగా రావడానికి ఆయన తన భార్య వరహాలమ్మ దగ్గర అప్పడాల కర్ర తీసుకుని దాని మీద చుట్టాడు. ఆనాటి నుంచీ ఆ ఇంట్లో అప్పడాల్లేవు.

ఈ వయసులో ఆయనకీ యావ ఏమిటని అడిగితే, అది డ్రైవరు దైవసహాయం గారి కోసం. ఒకప్పుడు ఇదే ఊరి షెడ్డులో 7105 నంబరు ఇంజను ఉండేది. దాన్ని దైవసహాయం ఇరవైరెండేళ్ళు తోలాడు, కోటిలింగం ఇరవైరెండేళ్ళు బాగుచేశాడు. తర్వాత దాన్ని తుక్కుకిచ్చేశారు. దైవసహాయానికిప్పుడు డెబ్బైతొమ్మిదేళ్ళు, రెండు కళ్ళకీ నీటికాసులు. చూపు చుట్టూ నుంచి మూసుకుపోతోంది. మందులతో కొంత ఆగుతుందిగానీ, రెండేళ్ళు దాటితే చెప్పలేనని డాక్టరు తేల్చేశాడు. ఆ మాట విన్నరోజున దైవసహాయం కోటిలింగం వాకిట్లో కూర్చుని ఒక్కటే అన్నాడు.

“ఇరవైరెండేళ్ళు దాని కడుపులో కూర్చుని తోలాను ఫిట్టరూ. అది పరిగెడతంటే బయట నిలబడి ఒక్కసారి కూడా చూళ్ళేదు. నేను లోపలుంటేనే కదా అది పరిగెత్తేది.”

మర్నాడు కోటిలింగం కలకత్తాకి ఉత్తరం రాశాడు.

ప్రసూన వచ్చేసరికి ఇంజను బల్ల మీద తూర్పుముఖంగా నిలబడి ఉంది. బల్ల అంచు వెంట గుండ్రంగా పట్టాలు పరిచి ఉన్నాయి. ఇంకో రెండు కడ్డీలు బిగిస్తే అయిపోయినట్టే. గురువారం దైవసహాయం రావాలి, అప్పుడు మొదటిసారి నడపాలి. ప్రసూన దాన్ని చూసింది. చక్రాలు లెక్కపెట్టింది. సంచిలోంచి సర్క్యులరు తీసి చదివింది.

“చక్రములు గలదై, తనంతట తాను కదలగలదై, లేక కదలవలెనను ఉద్దేశముతో నిర్మింపబడినదై ఉన్నచో వాహనమని భావించవలెను. బాబాయిగారూ, ఇది కదుల్తుందాండీ?”

“గురువారం కదుల్తుందమ్మా.”

“ఉద్దేశం ఉందన్నమాట,” అంది ప్రసూన. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆడపిల్ల ఉద్యోగం కదా అని కోటిలింగం తనే పెన్ను తీసుకుని ఫారం నింపాడు. పొడవు: నలభైమూడు సెంటీమీటర్లు. ముడిసరుకు: ఇత్తడి. మిగతా వివరములు అన్నచోట, ఫిట్టరు నిజాయితీ ఊరుకోదు కాబట్టి, స్కేలు ఒకటికి నలభైమూడు అని కూడా రాశాడు. ఆయన జీవితంలో రాసిన అక్షరాల్లో అంత ఖరీదైనవి మరి లేవు.

ఫారం పురపాలక సంఘం ప్లానుల విభాగానికి వెళ్ళింది. అక్కడ హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సర్వోత్తమరావు గారు ముప్పైతొమ్మిదేళ్ళుగా ఊళ్ళో ఇళ్ళ ప్లానులన్నీ పాసు చేస్తున్నారు. స్కేలు రాసి ఉన్న కాగితం ప్లాను అవుతుందనీ, ప్లానులోని కొలతని స్కేలుతో హెచ్చవేస్తే అసలు కొలత వస్తుందనీ ఆయనకి నిద్రలో లేపినా తెలుసు. హెచ్చవేశారు. పద్దెనిమిది మీటర్ల నలభైతొమ్మిది సెంటీమీటర్లు వచ్చింది. అడుగుల్లోకి మారిస్తే అరవై అడుగుల ఎనిమిది అంగుళాలు. అంత ఇంజను ఎంత బరువుంటుందని ఒక పుస్తకం తిరగేసి, నూటయాభై టన్నులని పక్కన వేశారు.

బుధవారం నోటీసు వచ్చింది. ఆ ఆఫీసులో ఒక కాగితం రెండు రోజుల్లో కదలడం అదే మొదలు.

“తమరి గృహము యొక్క పొడవు ముప్పై అడుగులు. తమరి ఇంజను యొక్క పొడవు అరవై అడుగుల ఎనిమిది అంగుళములు. కావున మిగిలిన ముప్పై అడుగుల ఎనిమిది అంగుళముల ఇంజను పురపాలక రహదారిని ఆక్రమించి ఉన్నట్లు ఇందుమూలముగా నిర్ధారించడమైనది. తమరి సంజాయిషీ కోరడమైనది.”

వరహాలమ్మ ఒకసారి వీధిలోకి తొంగిచూసి వచ్చింది. “ఏవండీ, బయటేం లేదు,” అంది నమ్మకంగా.

“తెలుసే. చూపిస్తే వాళ్ళకే తెలుస్తుంది,” అన్నాడు కోటిలింగం. గురువారం పొద్దున్నే ఇంజన్ని పాత తువ్వాల్లో చుట్టి, కూరల సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి ఆఫీసుకెళ్ళాడు. సర్వోత్తమరావు గారి బల్ల మీద తువ్వాలు విప్పాడు.

“అయ్యా, ఇదేనండీ ఇంజను.”

సర్వోత్తమరావు గారు కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. “దీన్ని ఎలా తెచ్చారు?”

“ఆటోలో అండీ.”

“అరవై అడుగుల ఇంజన్ని అనుమతి లేకుండా మెయిన్ రోడ్డు మీద ఆటోలో తీసుకొచ్చారు,” అని ఆయన పక్కనున్న గుమాస్తాకి చెప్పి రాయించారు.

“అయ్యా, ఇది నలభైమూడు సెంటీమీటర్లే కదండీ. మీ కళ్ళ ముందే ఉంది.”

“మరి మీరు తెచ్చిందేంటి?”

“నమూనా అండీ. మోడలు.”

“నమూనా అంటే దేనికో నమూనా అయ్యుండాలి. ఒట్టి నమూనా అంటూ ఉండదు. దీనికి అసలుందా, లేదా?”

“ఉండేదండీ. ఎప్పుడో తుక్కు చేసేశారు.”

“అంటే ఉంది. మేం నమోదు చేసింది దాన్నే. కాగితంలో ఉన్నది అసలు, సంచిలో ఉన్నది నకలు. నకలు చూపించి అసలుని దాచడం మాకు కొత్త కాదండీ. మూడంతస్తులు కట్టి రెండంతస్తుల ప్లాను చూపించినవాళ్ళని వందమందిని చూశాను.” ఇలా అంటూనే ఆయన సొరుగులోంచి ఎర్రదారం తీసి, ఇంజను చక్రాలకి అటూ ఇటూ చుట్టి, ముడేసి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేశారు. “తదుపరి ఉత్తర్వుల వరకు కదపరాదు,” అన్నారు. ఆ మాట చాలా మర్యాదగా అని, ఇంజన్ని మళ్ళీ సంచిలో పెట్టి ఇచ్చారు.

ఆ సాయంత్రం దైవసహాయం చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఇంజన్ని తడిమి చూశాడు, చేతికి దారం తగిలింది. కోటిలింగం జరిగింది చెప్పాడు.

“పుటుక్కుమని తెంపేస్తే పోలా?” అంది వరహాలమ్మ కాఫీలు పెడుతూ. “మున్సిపాలిటీ వాళ్ళు వంటింట్లోకొచ్చి చూస్తారా?”

ఇద్దరు ముసలాళ్ళూ ఒకేసారి తలలు అడ్డంగా ఊపారు. ఆవిడకి తెలియని సంగతి ఒకటుంది. షెడ్డులో ఫిట్టరు ఇంజను కిందికి దూరేముందు దానికొక ఎర్రబోర్డు తగిలిస్తాడు. తగిలించినవాడే వచ్చి తన చేత్తో తియ్యాలి. సూపరింటెండెంటొచ్చినా, దేవుడు దిగొచ్చినా ఇంకొకడు ముట్టుకోకూడదు. ఒకసారి ఎవడో తొందరపడి ఇంకొకడి బోర్డు తీసి ఇంజను కదిపాడు, కింద పనిచేస్తున్న ఫిట్టరు మస్తాను కాలు పోయింది. ఆ కాలు ఇద్దరూ చూశారు.

“వేసినోడే తియ్యాలమ్మా,” అన్నాడు దైవసహాయం. “ఆగుదాం. ప్రస్తుతానికి ముందు పొగగొట్టం కాణ్ణించి వెనక బొగ్గుపెట్టె దాకా మొత్తం కనపడతానే ఉంది.”

నెల తిరక్కుండా ఉమ్మడి తనిఖీ బృందం దిగింది. టేపు పట్టి ఇంజన్ని కొలిచారు. నలభైమూడు వచ్చింది. సర్వోత్తమరావు గారు పద్దెనిమిది పాయింటు నాలుగు తొమ్మిది అని రాసుకున్నారు. ఇంజను తూర్పుముఖంగా ఉంది కాబట్టి బొగ్గుపెట్టె ఇంట్లోనూ, పొగగొట్టం గోడ దాటి రోడ్డు మీదా ఉన్నట్టు తేలింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరొకాయన రోడ్డు మీదికెళ్ళి చూసొచ్చి, “సార్, అక్కడేం లేదండీ,” అన్నాడు. ఆయన్ని తర్వాత చెత్త విభాగానికి మార్చారు. నివేదికలో మాత్రం పద్ధతిగా రాశారు: “తనిఖీ సమయమున సదరు భాగము తాత్కాలికముగా కనబడుట లేదు.”

అసలు చిక్కంతా ఆ వాక్యంతోనే వచ్చింది. కనపడే ఇంజనైతే జనం తప్పుకుని పోతారు. కనపడని ఇంజను నడిరోడ్డు మీదుంటే ఎవడో ఒకడు వచ్చి గుద్దుకుంటాడు, గుద్దుకుంటే బాధ్యత ఎవరిది? కమిషనరుగారు స్వయంగా దీని మీద సమీక్ష జరిపి, ప్రజల ప్రాణాల విషయంలో రాజీపడేది లేదన్నారు. మర్నాడు కోటిలింగం ఇంటి ముందు ముప్పై అడుగుల ఎనిమిది అంగుళాల మేర కంచె లేచింది. ‘జాగ్రత్త, ఇంజను ఉన్నది’ అని బోర్డు పెట్టారు. కంచెలోపల ప్లాస్టిక్ కుర్చీ వేసి పెంటయ్య అనే కాపలాదారుణ్ణి కూర్చోబెట్టారు. పెంటయ్య మొదటివారం కుర్చీ ఎక్కడ వేసుకోవాలో తెలియక ఇబ్బంది పడ్డాడు. రెండోవారం నుంచి డ్రైవరు కూర్చునేచోటు అంచనా వేసుకుని అక్కడే కూర్చున్నాడు.

బస్సులు చుట్టుదారిన పోయాయి. కాలుష్యం వాళ్ళొచ్చి పొగ పరీక్ష చేసి, పొగ బొత్తిగా రావడం లేదనీ, లోపల ఏదో లోపం ఉండవచ్చనీ ఆందోళన వెలిబుచ్చారు. నీటి విభాగం వాళ్ళు మాత్రం నిజంగా మంచివాళ్ళు. ఆవిరి ఇంజనుకి నీళ్ళు తప్పనిసరని పుస్తకంలో చదివి, కంచెలోకి పెద్ద గొట్టం వేసి రోజూ రెండు పూటలా నీళ్ళు వదిలారు. ఆ వీధికి అంతకుముందు మూడు రోజులకోసారి నీళ్ళొచ్చేవి. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని కంచె దూరారు. ఇంజనుకి పసుపూ కుంకుమా పెడదామంటే అది కనపడదు, సరే అని పెంటయ్య కుర్చీకి పెట్టారు. ఇంజను తియ్యమని అర్జీ పెడదామని కోటిలింగం సంతకాలకి బయల్దేరితే ఒక్కరు పెట్టలేదు. “మీకేం పోయిందండీ, ఉండనివ్వండి, దాని మానాన అదుంది,” అన్నారు.

ఆయనకి ఏం పోతోందో గురువారం గురువారం తెలుస్తూనే ఉంది. దైవసహాయం వచ్చి ఎప్పుడూ అదే కుర్చీలో, బల్లకి అదే దూరంలో కూర్చునేవాడు. శ్రావణంలో పొగగొట్టం నుంచి బాయిలరు చివరిదాకా కనపడిందన్నాడు. నెల తర్వాత బాయిలరు సగమే అన్నాడు. “సొరంగంలో పోతున్నట్టుంది ఫిట్టరూ. దూరంగా అవతలి చివర గుండ్రంగా వెలుతురు. బండి ముందుకి పోయేకొద్దీ ఆ వెలుతురు పెద్దదవ్వాలి కదా, చిన్నదవుతోంది.” ఆఫీసులో ఇంజను పెరుగుతోంది, ఈయన కంట్లో తరుగుతోంది. కోటిలింగానికి ఏడుపొచ్చింది. వంటింట్లోకెళ్ళి కాసేపు ఏడిచి, ముఖం కడుక్కుని వచ్చాడు.

ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ ఆయనకి ఒకటి అర్థమైంది. ఇంజను చిన్నదని చెప్పినంతకాలం ఎవరూ వినరు. ముప్పైనాలుగేళ్ళు ఇంజన్లని బాగుచేసిన చేత్తో ఈసారి అర్జీ రాశాడు. “నా అరవై అడుగుల ఇంజను మూలమున ప్రజలకు తీరని అసౌకర్యము కలుగుచున్నది. రోడ్డున ఉన్న భాగము తీసినచో ఇంటనున్న భాగము నిలువజాలదు గనుక, దానిని మొత్తముగా తొలగించి తమ స్వాధీనములోనికి తీసుకొనవలసినదిగా ప్రార్థన.”

పురపాలక సంఘం చరిత్రలో తన ఆక్రమణని తనే ఒప్పుకున్న పౌరుడు ఆయనొక్కడే. కమిషనరుగారు ఆ అర్జీని సమావేశంలో చదివి వినిపించారట. పదకొండు రోజుల్లో క్రేను వచ్చింది.

వీధంతా అరుగుల మీదికి చేరింది. క్రేను కొక్కెం కిందికి దిగింది. సర్వోత్తమరావు గారు గొడుగేసుకుని నిలబడి, “కొంచెం ఎడంకి... చాలు. పొగగొట్టం తగుల్తుంది, చూసుకో,” అని దగ్గరుండి చెప్పారు. క్రేను డ్రైవరు పనిమంతుడు. నూటయాభై టన్నులు ఎత్తేటప్పుడు ఎంత నెమ్మదిగా ఎత్తాలో అంత నెమ్మదిగా ఎత్తాడు. ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి కొంగులు కళ్ళకద్దుకున్నారు, గొట్టం పీకేస్తారని వాళ్ళ భయం. గొట్టం గురించి ఉత్తర్వుల్లో లేదు కాబట్టి దాన్నెవరూ ముట్టుకోలేదు. క్రేను ఉత్త కొక్కేన్ని మోసుకుంటూ మునిసిపల్ యార్డుకి బయల్దేరింది. వెనకాల పెంటయ్య కుర్చీ నెత్తిన పెట్టుకుని నడిచాడు. కాపలా డ్యూటీ ఇంజనుతోపాటే కదా.

సర్వోత్తమరావు గారు స్వాధీనపు రసీదు రాసి కోటిలింగం చేతిలో పెట్టారు. ఇత్తడి ఇంజను ఒకటి, పొడవు అరవై అడుగుల ఎనిమిది అంగుళములు, సీలుతో సహా అందినది.

“అయ్యా, ఒక్కసారి లోపలికి రండి,” అన్నాడు కోటిలింగం. “మజ్జిగ తాగి వెళ్దురుగాని.”

ముందుగదిలో బల్ల మీద ఇంజను ఉంది. చక్రాలకి దారం, దారానికి ముడి, ముడి మీద లక్క ముద్ర. అవతల కుర్చీలో ఇస్త్రీచొక్కాతో దైవసహాయం ఉన్నాడు. కోటిలింగం చేతులు కట్టుకుని అడిగాడు. “ఇంజను యార్డుకెళ్ళిపోయిందండీ. రసీదులో సీలుతో సహా అని రాశారు. మరి తమరి సీలు ఇక్కడుందేంటండీ?”

సర్వోత్తమరావు గారు రసీదు చూశారు, ముద్ర చూశారు. వచ్చే నెలాఖరున ఆయన రిటైర్‌మెంటు. యార్డులో ఉండవలసిన ప్రభుత్వ ముద్ర ఒక ప్రైవేటు ఇంట్లో, వస్తువేమీ లేనిచోట, ఒంటరిగా దొరికిందంటే ఆయన పెన్షను కాగితాల గతేం కావాలి? వీధి తలుపు దగ్గరకి వేశారు. జేబులోంచి గోళ్ళు తీసుకునే కత్తెర తీసి, వేసిన చేత్తోనే టిక్కుమని దారం కత్తిరించి, లక్క ముక్కతో సహా రుమాల్లో మూటకట్టుకున్నారు. కోటిలింగం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణంలో వెటకారం లేదు.

“మేమిక్కడికి రాలేదు,” అన్నారు సర్వోత్తమరావు గారు. మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయారు.

కోటిలింగం చక్రాలకి రెండు చుక్కలు నూనె వేశాడు. ఇంజన్ని పట్టాల మీదికెక్కించాడు. “డ్రైవరు గారూ, ఎంతవరకు కనపడతంది?” అని మెల్లగా అడిగాడు.

“రూపాయి బిళ్ళంత.”

“మరి...”

“మీట నొక్కవయ్యా. నేను కదలను. అదే నా ముందుకొస్తుంది.”

మీట నొక్కాడు. ఇంజను ఒకసారి ఒణికి, ఆలోచించుకుని, కదిలింది. దైవసహాయం మెడ తిప్పలేదు, కళ్ళార్పలేదు. ఆ రూపాయి బిళ్ళలోకి మొదట పొగగొట్టం వచ్చింది. తర్వాత బాయిలరు జరిగింది, కడ్డీలు పైకీ కిందికీ ఆడుతూ పోయాయి, తర్వాత 7105 నంబరు, ఆ వెనక డ్రైవరు నిలబడే కిటికీ. అది వెళ్ళిపోయింది. ఆయన అలాగే చూస్తూ కూర్చున్నాడు. చుట్టు తిరిగి అది మళ్ళీ వచ్చింది, మళ్ళీ పొగగొట్టం, మళ్ళీ కిటికీ. నాలుగోసారి ఆ కిటికీ ఎదుటికి రాగానే దైవసహాయం చెయ్యెత్తి దానికి ఊపాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడు ఊపినట్టు.

“ఎంత లేటు?” అన్నాడు.

“ఏడు నెలల పదకొండు రోజులండీ.”

“పర్లేదు. వచ్చింది కదా.”

సరిగ్గా అప్పుడు తలుపు చప్పుడైంది. వరహాలమ్మ తీస్తే ఎదురుగా ప్రసూన, చంకలో రిజిస్టరు. ఇంజను యార్డుకి పోవడంతో పధ్నాలుగో వార్డు లెక్క మళ్ళీ నాలుగొందల పదకొండుకి పడిపోయింది, ఎర్రసిరా సీసా మళ్ళీ మూత తీశారు. ఆ అమ్మాయి గదిలోకి అడుగుపెట్టి ఆగిపోయింది. బల్ల మీద ఇత్తడి ఇంజను గిరగిరా తిరుగుతోంది, చక్రాలున్నాయి, కదులుతోంది, ఉద్దేశమూ స్పష్టంగానే ఉంది. ప్రసూన పెన్ను తీసింది.

కోటిలింగం మీట మీది చెయ్యి తియ్యలేదు.

ప్రసూన దైవసహాయాన్ని చూసింది. ఆయన చూపు ఎక్కడ నిలబడిందో చూసింది. ఆయన మళ్ళీ చెయ్యెత్తి ఊపడం చూసింది. పెన్నుకి మూత పెట్టి, రిజిస్టరు అరుగు మీద వదిలేసి వచ్చి, నేల మీద చతికిలబడి కూర్చుంది.

“నాకిక్కడేం కనపట్టంలేదండీ, బాబాయిగారూ,” అంది.

“నాకు కనపడతంది,” అన్నాడు దైవసహాయం.